పెద్దాయన పోరాటం

"నిన్నటిదాకా మిమ్మల్ని ఏలిన ఎమ్మెల్యే మీద యుద్ధం ప్రకటిస్తున్నాను!" అని, నిన్నటిదాకా ఎమ్మెల్యేగా ఉన్న పెద్దాయన బల్ల గుద్ది మరీ ప్రకటించారు. విలేకరులు మొహమొహాలు చూసుకున్నారు. ఇంకోసారి చెప్పమన్నారు. ఆయన ఇంకోసారి గుద్దారు.

వెనకాల నిలబడ్డ బావమరిది గర్వంగా గొంతు సవరించుకున్నాడు. ఉపాయం అతనిదే మరి. ఆ నియోజకవర్గం పుట్టాక కుర్చీలో ఉన్నవాడు మళ్లీ గెలిచిన పాపాన పోలేదు. మంచివాడైనా సరే, చెడ్డవాడైనా సరే, కూర్చున్నవాణ్ణి లేపడం అక్కడి ఆచారం. బావ ఓడిపోతే బస్టాండు క్యాంటీను లీజు తన చెయ్యి జారిపోతుంది. ఆలోచించి ఆలోచించి, "కూర్చున్నవాడే కదా బావా ఓడేది? నువ్వే ముందు లే!" అన్నాడు. బావ లేచి, రాజీనామా చేసేశారు.

మొదటి సభలో పెద్దాయన కాస్త మొహమాటపడ్డారు. "పాత ఎమ్మెల్యే వంతెన కట్టలేదు" అన్నారు. చప్పట్లు పడ్డాయి. రెండో సభలో "వంతెన డబ్బులు మింగాడు" అన్నారు. ఈలలు మోగాయి. మూడో సభకొచ్చేసరికి ఆవేశం ఆగక, "వాడు కనబడితే చెవి మెలేసి తీసుకురండి!" అని తన చెవే మెలేసి చూపించారు.

ఎదుటి పార్టీ అభ్యర్థి పాపం, దాచుకున్న తిట్లన్నీ ఈయనే వాడేయడంతో, మైకు ముందుకొచ్చి "నాదీ అదే మాట" అనేసి దిగిపోయాడు.

ఆ సాయంత్రం బావమరిదికి వాళ్లక్క ఫోను చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, జనం మా ఇంటిమీద రాళ్లేస్తున్నార్రా!"

"ఊరుకోవే అక్కా. అదంతా బావ మీద అభిమానం."

"అభిమానానికి హాల్లో టీవీ పగిలిందిరా!"

"పాత ఎమ్మెల్యే టీవీయే కదే, పోనీ."

పెద్దాయన చరిత్ర తిరగరాశారు. మెజారిటీ చూసి లెక్కపెట్టినవాళ్లే మళ్లీ లెక్కపెట్టుకున్నారు. క్యాంటీను నిలబడింది. ఇచ్చిన మాట ప్రకారం ఆయన పాత ఎమ్మెల్యే అక్రమాల మీద విచారణ సంఘం వేసి, బావమరిదినే అధ్యక్షుణ్ణి చేశారు. బావమరిది క్యాంటీనులోనే కూర్చుని, టీ తాగుతూ నిష్పక్షపాతంగా విచారించాడు. నివేదికను పెద్దాయన బహిరంగ సభలో గంభీరంగా చదివారు.

"నిందితుడు పరారీలో ఉన్నాడు!"

జనం భగ్గుమన్నారు. ఆయన చెయ్యెత్తి శాంతింపజేశారు. "ఎక్కడ దాక్కున్నా వదలను. కాకపోతే ఇంకో అయిదేళ్లు పట్టేలా ఉంది."

ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. చీర కుచ్చిళ్లు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి. "అది సరే నాయనా, మరి వంతెనో?"

పెద్దాయన వేదిక దిగొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

"వాడు దొరకనీ పెద్దమ్మా. ఇద్దరం కలిసొచ్చి శంకుస్థాపన చేస్తాం."