కిటికీ మూసిన వెలుగు

చిక్కడపల్లిలోని గోడలు ఇన్నాళ్లూ ఏ పనీ చేయకుండా ఊరికే నిలబడి ఉన్నాయని 2012 ఎండాకాలంలో కుడ్య సౌరశక్తి మార్కెట్ అంచనా విభాగం కనిపెట్టింది. (ఆ విభాగం కూర్చుని ఉండేది.)

అలా సోమరిగా నిలబడ్డ వాటిలో హనుమప్ప ఇంటి దక్షిణపు గోడ ఒకటి. ఆ ఇంటి మేడగదిలో కిరాయికుండే కురుమమ్మ, గోడకున్న ఒకే ఒక్క కిటికీ పక్కన కూర్చుని జాకెట్లు కుట్టేది. కాలితో తొక్కే మిషన్. ఎన్నిసార్లు కరెంటు పోయినా కిటికీ వెలుగులో ఆమె సూదిలోకి దారం ఎక్కేది. ఆ వారం ఒక పెళ్లివారి జాకెట్లన్నీ ఆమెకే వచ్చాయి. మూడు నెలల తిండి అది.

అంచనా అధికారి జగన్మోహన్ వచ్చి పగటి కరెంటు వాడకం ఎంతని ఆమెను అడిగాడు. వాడనంది. ఆయన ముఖం చిన్నబోయింది. గిరాకీ శూన్యమని రాసుకున్నాడు. గోడకు మాత్రం మంచి భవిష్యత్తు ఉందనీ, కిటికీతో సహా సోలార్ పలకలు బిగించాలనీ తేల్చాడు. గేటుకు ‘ఆదర్శ గోడ’ అని బోర్డు ఇస్తామనగానే హనుమప్ప ఒప్పుకున్నాడు.

“కిటికి మూస్తే నాకు ఎలుగెట్లస్తది సారు?”

“ఎలుగు కోసమే గదమ్మా మూసేది. గోడ కరెంటిస్తది, బల్బు ఏసుకో.”

గోడ ఎండ తాగింది. గది చీకటైంది. కురుమమ్మ పొద్దున్నే బల్బు వేసి, ఆ పసుపు వెలుగులో మెరూన్ జాకెట్‌ను గోధుమరంగు దారంతో కుట్టింది. పెళ్లివారు దాన్ని మొహాన కొట్టి, సాయంత్రానికి సరిచేయకపోతే అన్నీ నారాయణగూడలో వేరే టైలర్‌కు ఇచ్చుకుంటామన్నారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. బల్బూ పోయింది. డాబా మీదికి పోదామంటే అక్కడా కూర్చునే చోటు లేకుండా పలకలే. ఆమె జగన్మోహన్‌కు ఫోన్ చేసింది.

“గోడ నిండ ఎండున్నది సారు. బల్బెందుకు ఎలుగుతలేదు?”

ఆయన ఓపికగా నిబంధన వినిపించాడు. ఊరి కరెంటు ఆగితే గోడ కరెంటూ ఆగాలి, లేకుంటే స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది.

“అంటే కరెంటున్నప్పుడే కరెంటిస్తదా?”

“మంచిగ సమజ్ చేసుకున్నవమ్మా.” (హనుమప్పకు ఇది రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందట.)

సాయంత్రం పెళ్లివారు బట్టలు మూటగట్టుకుని పోయారు.

నెల తిరిగాక జగన్మోహన్ రెండో విడత అంచనాకు వచ్చాడు. బేరాలు పోయాయనీ, కిటికీ తెరిపించమనీ ఆమె అడిగింది. కిటికీ ప్రశ్న రెండో విడత కాగితంలో లేదు. పగలు బల్బు వాడుతున్నావా అన్నదే ఉంది.

“పొద్దంత,” అంది కురుమమ్మ.

ఆయన ముఖం విప్పారింది. గిరాకీ పుట్టిందని రాసుకుని, మెట్లు దిగి, ఆ గల్లీలో ఇంకా తెరిచి ఉన్న కిటికీలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.