నారింజ రంగు పెట్టె

ఆ ఉదయం డైరెక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. నీటి అడుగున తనంతట తానే దారి వెతుక్కునే రోబో చెరువులో దిగుతుంది. అడుగున దాచిన నారింజ రంగు పెట్టెను పట్టుకొచ్చి ఒడ్డున పెడుతుంది. చూడ్డానికొచ్చిన పెద్ద అధికారిణి చప్పట్లు కొడితే, పడవలో నిలబడి ఆయన నమస్కారం పెడతారు. రోబోను తయారు చేసిన ఇంజనీరు మాత్రం, సొంత బావమరిదే అయినా, ఎవరి కంటా పడకూడదు.

"బావా, వానకి నీళ్లన్నీ బురదైపోయాయి. దానికి పెట్టె కనబడదు. రేపు చేద్దాం," అన్నాడు బావమరిది.

"తనంతట తానే పోయేదానికి బురదైతేనేం, పన్నీరైతేనేం? ఆపే రిమోట్ కూడా ఆఫీసులోనే పడేసి రా. అది నీ చేతిలో కనబడితే నా పరువేం కాను?"

రిమోట్ ఆఫీసులో ఉండిపోయింది. ఫొటోల్లో బాగా పడాలని ఆయన కొత్త లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవెక్కారు. అదీ నారింజ రంగే.

రోబో బురదలో కాసేపు తడుముకుంది. ఎంతకీ పెట్టె దొరక్క పైకి తేలి, అటూ ఇటూ చూసి, పడవ వైపు తిరిగింది.

ఆయన తెడ్డందుకుని పడవను కుడికి తిప్పారు. అదీ కుడికే వచ్చింది. ఎడమకు తిప్పారు. ఎడమకే వచ్చింది. ఆపమని రెండు చేతులూ ఊపారు. ఒడ్డునున్న సిబ్బంది మర్యాదగా తిరిగి ఊపారు.

"జాకెట్ విప్పెయ్ బావా!" అని అరిచాడు బావమరిది.

"విప్పితే చస్తాన్రా!"

"ఏమంటున్నారాయన?" అని అడిగింది అధికారిణి.

"అంతా అనుకున్నట్టే జరుగుతోందంటున్నారు మేడమ్," అన్నాడు డైరెక్టరుగారి పీఏ, అలవాటు కొద్దీ.

అంతలో పడవ ఒరిగి ఆయన నీళ్లలో పడ్డారు. రోబో జాకెట్ పట్టీ దొరకబుచ్చుకుని, బురదలోంచి ఈడ్చుకొచ్చి, పెట్టెను ఎక్కడ పెట్టమన్నారో సరిగ్గా అక్కడ, అధికారిణి కాళ్ల ముందు ఆయన్ను పెట్టింది.

ఉద్యోగం ఊడిందనుకుని బావమరిది కళ్లు మూసుకున్నాడు. చప్పట్లు వినబడ్డాయి.

"మునిగేవాళ్లను కాపాడే యంత్రమని ముందే చెప్పొద్దూ! ఎవరు చేశారిది?" అంది అధికారిణి.

డైరెక్టరుగారు 'నేనే' అనబోయారు. నోటినిండా బురద.

"నేనే మేడమ్," అన్నాడు బావమరిది.

వారం తిరక్కుండానే ఆ విభాగమంతా బావమరిది చేతికొచ్చింది. ఊరూరా ప్రదర్శనలు పెట్టమన్నారు. అంత సహజంగా మునగడం మరొకరి వల్ల కాదని, ఆ పాత్ర డైరెక్టరుగారికే ఇచ్చారు.

మొన్న ఆయన ఈత నేర్చుకుంటానని అడిగితే, ప్రదర్శన పాడవుతుందని బావమరిది ఒప్పుకోలేదు.