వినడానికి పెట్టిన మీటరు

తాను దగ్గర లేనప్పుడు యంత్రం కొలిచినది తన కొలతే అవుతుందా?

ఆదివారం ఉదయం ఆరున్నరకు, గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా క్వారీల రోడ్డు పక్కన, మూడు కాళ్ల స్టాండు మీద సౌండ్ మీటరు బిగిస్తూ రత్నాకర్ తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. తత్త్వశాస్త్ర గ్రంథాలు చదివే అలవాటు వల్ల అతనికి ప్రశ్నలు త్వరగా పుడతాయి. తనకు అనుకూలమైన జవాబులు అంతకంటే త్వరగా దొరుకుతాయి. ఆఖరి మర బిగిసేలోగా ఈ జవాబూ దొరికింది. అవుతుంది, యంత్రాన్ని పెట్టింది తానే కదా.

ఆ జవాబుతో అతనికి అవసరం ఉంది. నాలుగు వరుసల ఆ రోడ్డును ఎనిమిది వరుసలు చేయబోతున్నారు. తవ్వకం మొదలయ్యే ముందు పర్యావరణ సమీక్ష పూర్తి కావాలి. అందులో శబ్దం గురించిన అధ్యాయం రత్నాకర్‌ది. కన్సల్టెన్సీలో చేరిన రెండేళ్లలో అతని పేరుతో వెలువడబోయే మొదటి అధ్యాయం. నిబంధన ప్రకారం ప్రతి మీటరు పక్కనా ఒక మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, ఏ చప్పుడు దేనివల్ల వచ్చిందో పుస్తకంలో రాయాలి. మీటర్లు రెండు. సహోద్యోగి సిద్ధార్థ్ సెలవులో ఉన్నాడు. కాబట్టి ఒక మీటరు కార్మికుల క్యాంపు ముందు వదిలేసి, రెండోదాని పక్కన క్వారీ మలుపు దగ్గర తాను కూర్చుంటే ఒక్క రోజులో పని ముగుస్తుందని రత్నాకర్ నిశ్చయించాడు. క్యాంపుకు ఆదివారం సెలవు. అందరూ పడుకుని ఉంటారు గనుక లారీల మోత తప్ప అక్కడ మరేదీ వినబడదని అతని నమ్మకం.

క్యాంపు వాచ్‌మన్ భీమయ్య మీటరు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయిన మనిషి. గడ్డం సగానికి పైగా నెరిసింది. స్టాండు నిలువెత్తున ఉంది. దాని కొసన పిడికిలంత నల్లటి స్పాంజి బంతి. కింద ఒక డబ్బా.

"సారూ, రోడ్డు వెడల్పు జేస్తే మా జీబ్రా గీతలు ఉంటయా, పోతయా?" అని అడిగాడు.

పోతాయని రత్నాకర్‌కు తెలుసు. బస్సు ఆగేది అవతలి వైపు, సరుకులమ్మే బకాలా అవతలి వైపు. కొత్త నక్షాలో గీతలు లేవు. మనుషులు దాటే వంతెన రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇదంతా చెప్పడం మొదలుపెడితే పొద్దెక్కుతుంది.

"అన్నీ ఆఫీసు వింటదన్నా. గందుకే గదా ఇది వెట్టింది. పొద్దుగూకేదాకా ఇక్కడ ఏం వినవడ్డా ఇందులకే వోతది. దీన్ని ఎవరూ జరపకుండ సూడు, సాలు."

కారెక్కాక రత్నాకర్ తన మాటలను మనసులో ఒక్కొక్కటిగా పరీక్షించి చూసుకున్నాడు. విడివిడిగా తీసుకుంటే ఒక్కటీ అబద్ధం కాదు. ఆ తృప్తితో మలుపు దాకా వెళ్లాడు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి మీటరు అంగుళం కూడా కదలలేదు. దాని చుట్టూ నేల ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. భీమయ్య ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు.

"అందరిదీ అయిపోయింది సారూ. ఒక్కలు గూడ మిగల్లే. బరాబర్ వినవడ్డట్టేనా?"

సెలవు రోజు బట్టలుతుక్కోవడం గురించో, స్నానాల గురించో అనుకుని రత్నాకర్ బరాబర్ వినబడ్డదని చెప్పాడు. మెస్సులో వంట చేసే అంజిబాబు టీ తెచ్చి ఇచ్చాడు. అమలాపురం వైపు మనిషి. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది.

"మీ దయవల్ల కడుపులోదంతా చెప్పేశానండి. గొంతు పోయిందనుకోండి. పోతే పోయిందిలెండి."

ఇంటి దగ్గర ఎవరితోనో ఫోన్లో గొడవ పడి ఉంటాడని రత్నాకర్ భావించాడు. పరుల దుఃఖాన్ని తరచి అడగకపోవడం మర్యాద గనుక టీ తాగి గ్లాసు తిరిగి ఇచ్చేశాడు.

సోమవారం అంకెలు చూశాక అతనికి కుర్చీలో కుదురు లేకపోయింది. రాళ్ల లారీలు తిరిగే క్వారీ మలుపు దగ్గర సగటు శబ్దం డెబ్బై నాలుగు డెసిబెళ్లు. అందరూ పడుకుని ఉండాల్సిన క్యాంపు దగ్గర ఎనభై ఎనిమిది. పదకొండూ నలభైకి మొదలై ఏడు నిమిషాల పాటు నూట నాలుగు. మీటరును పరీక్షించాడు, అందులో ఏ లోపమూ లేదు. లోపమంతా పక్కనున్న పుస్తకంలో ఉంది. క్యాంపు తాలూకు పేజీలు తెల్లగా ఉన్నాయి. రత్నాకర్ అరగంట సేపు సత్యాన్ని గురించి ఆలోచించాడు. తర్వాత అన్ని పేజీల్లోనూ 'భారీ వాహనాలు' అని రాశాడు. రోడ్డు పక్క చప్పుడుకు వాహనాలు కాక మరేం కారణం ఉంటుంది? దీన్ని అబద్ధం అనకూడదని, అనుమానం అనాలని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. తర్కశాస్త్రంలో ఆ మాటకు సందేహమని కాదు, గుర్తులను బట్టి తేల్చడమని అర్థం, గౌరవమైన స్థానం కూడా ఉంది.

పర్యావరణ విభాగానికి అధిపతి జైబున్నీసా. హైదరాబాద్ పాతబస్తీలో పుట్టి, పాతికేళ్లుగా గల్ఫ్ రోడ్ల నివేదికలు రాస్తున్న మనిషి. ఆమె ఆ అంకెలను రోడ్డు నక్షా గీసేవాళ్లకు పంపింది. వాళ్లు చురుకైనవాళ్లు. మంగళవారం మధ్యాహ్నానికల్లా క్యాంపు ముందు అయిదు మీటర్ల ఎత్తున, కిలోమీటరు పొడవున, ఎక్కడా సందు లేకుండా ఒక గోడ గీసి పంపారు. శబ్దం నుంచి కార్మికులకు రక్షణ. జీబ్రా గీతలు పోతాయేమోనని భయపడ్డ మనుషులకు ఇప్పుడు అవతలి బస్సు కూడా కనబడదు.

అదే సాయంత్రం వాహనాల లెక్క వచ్చింది. ఆదివారం క్యాంపు ముందు నుంచి పోయిన లారీలు నలభై ఒకటే. జైబున్నీసా రత్నాకర్‌ను పిలిచి, గ్రాఫును బల్ల మీద పరిచింది.

"రత్నాకర్, ఈ లారీలు ఒక్కొక్కటి సరిగ్గ రెండు నిమిషాలు మోగుతున్నయి. మధ్యల పది సెకండ్లు చుప్. ఒంటిగంట నుంచి రెండు దాకా ఒక్కటి లేదు. లారీలు గూడ ఖానాకు పోతయా?"

"క్వారీకి భోజన విరామం ఉంటది మేడమ్."

"మరి క్వారీ మలుపుల పెట్టిన మీటరుకు ఆ విరామం ఎందుకు తెల్వలే?"

నిజం చెప్పడానికి అది మంచి సమయం. కాని మరో జవాబు అప్పటికే నాలుక మీదికి వచ్చేసింది. క్యాంపు వెనుక ఎవరైనా రాళ్లు పగలగొట్టే యంత్రం నడుపుతున్నారేమో అన్నాడు. చాలా నిబ్బరంగా అన్నాడు. అంత నిబ్బరంగా చెప్పిన మాటను ఆఫీసు ఊరికే పోనివ్వదు. బుధవారానికి ఆ 'ఏమో' రాలిపోయి, అనుమతి లేని క్రషర్ అనే పేరు నిలిచింది. పదకొండూ నలభైకి మొదలైన ఏడు నిమిషాలను నిపుణుడొకరు బండను పగలగొట్టిన చప్పుడుగా గుర్తించారు. బలదియా అనే అక్కడి మునిసిపాలిటీ అధికారి గురువారం నాలుగున్నరకు తనిఖీకి వస్తానని తెలిపాడు. యంత్రం దొరికితే క్యాంపు మూసేసి, అందరినీ దుబాయ్ అవతలి జెబెల్ అలీకి పంపాల్సి ఉంటుందని క్యాంపు నడిపే ముదీర్ ముందే చెప్పేశాడు. అక్కడి నుంచి క్వారీకి రానూ పోనూ రోజుకు నాలుగు గంటలు.

గురువారం మూడున్నరకే రత్నాకర్ క్యాంపు చేరాడు. యంత్రాన్ని అధికారి కంటే ముందు తానే పట్టుకోవాలని అతని ఉద్దేశం. వెనుక ప్రహరీ దాకా వెళ్లి చూశాడు. బట్టలారేసిన తాళ్లు, ఖాళీ నూనె డబ్బాలు, ఒక పిల్లి. ఏ యంత్రం ఎక్కడ పెట్టారని భీమయ్యను అడిగాడు.

"యంత్రమా? మీ మైకు దప్ప ఇంకేం రాలే సారూ."

"మైకేంది?"

భీమయ్య చిత్రంగా చూశాడు. ఎనిమిదేళ్ల కింద తాను సెలవు మీద పోయినప్పుడు ఊళ్లో క్రషర్ కోసం అధికారులు సభ పెట్టారట. మైకు పెట్టి, ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పుకోమన్నారట. తన వంతు వచ్చేసరికి సిగ్గుపడి మాట్లాడలేదట. ఆరు నెలల్లో క్రషర్ దుమ్ము అతని పొలం మీద పడిందట. ఈసారి మైకు వాళ్ల గుమ్మంలోకే వచ్చింది.

"రూం నంబర్ల ప్రకారం లైను గట్టించిన. మనిషికి రెండు నిమిషాలు, నా ఫోన్ల అలారం వెట్టిన. ఒంటిగంటకు బువ్వకు ఇడిసిన. ఒక్కటే తక్లీఫ్ సారూ. మీ మైకు బయటికి వినవడుతలేదు. కమ్‌జోర్ ఉన్నదేమోనని, జరంత దగ్గరికొచ్చి గట్టిగ మాట్లాడుమన్న."

అని జేబులోంచి నోటు పుస్తకం తీసి ఇచ్చాడు. నూట నలభై ఆరు పేర్లు. ప్రతి పేరు పక్కన రూం నంబరు, మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, సంతకం. ఈ రెండేళ్లలో రత్నాకర్ అంత శుభ్రమైన కొలత పుస్తకం చూడలేదు. తాను రాయవలసిన పేజీలన్నీ మరొకరు రాసి ఉంచారు.

"మా మాట పైకి వోయిందా సారూ?"

"చప్పుడు వోయిందన్నా. మాట వోలే," అన్నాడు రత్నాకర్.

భీమయ్య రోడ్డు వైపు చూశాడు. మొదటి షిఫ్టు బస్సు అవతల ఆగింది. దిగినవాళ్లు జీబ్రా గీతల మీదుగా ఇవతలికి వస్తున్నారు. వాళ్ల వెనకే జైబున్నీసా కారు, బలదియా కారు వచ్చి ఆగాయి.

రత్నాకర్‌కు ఇంకో జవాబు కూడా దొరికింది. యంత్రాన్ని రాత్రికి రాత్రి ఎవరో తరలించుకుపోయారని చెబితే సరి. ఇంతకు ముందు వాటన్నిటి కంటే ఇది త్వరగా వచ్చిందని గమనించి, మొదటిసారి ఆ త్వరను అనుమానించాడు. అధికారి కారు దిగకముందే వెళ్లి, ఆదివారం తాను క్యాంపులో లేనని, పుస్తకంలో రాసింది కల్పితమని, క్రషర్ కూడా తన నోటి నుంచే పుట్టిందని ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు.

అధికారి గ్రాఫు ఒక చేతిలో, భీమయ్య పుస్తకం మరో చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ప్రతి సంతకానికీ గ్రాఫులో ఒక శిఖరం దొరికింది. పదకొండూ నలభై దగ్గర ఆగి, ఈ మనిషికి మాత్రం ఏడు నిమిషాలు ఎందుకిచ్చావని హిందీలో అడిగాడు. భీమయ్య తెలుగులోనే బదులిచ్చాడు.

"వంటాయన సార్. నడిమిట్ల ఆపితే తెల్లారి కూరల ఉప్పుండది."

జైబున్నీసా తర్జుమా చేసింది. నిపుణుడు బండ పగిలిందన్న చోట అంజిబాబు చెప్పింది, ఉల్లిగడ్డల బస్తా నెత్తిన పెట్టుకుని రోజూ ఆ రోడ్డు దాటడం గురించి. రెండున్నర కిలోమీటర్లు తిరిగి రావాలంటే మెస్సులో మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి తయారవుతుందని అతను అధికారికి మళ్లీ చెప్పి చూపించాడు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు గనుక ఈసారి ప్రమాదం జరగలేదు.

అధికారి తనిఖీ కాగితం మీద యంత్రం లేదని రాసి వెళ్లిపోయాడు. జైబున్నీసా వెళ్లలేదు.

"శబ్దం అధ్యాయం నీ దగ్గర నుంచి తీసేస్తున్న. సిద్ధార్థ్ వచ్చినంక మళ్ల కొలుస్తడు. గోడ ఖలాస్," అంది. రత్నాకర్ తల ఊపాడు. ఆమె పుస్తకాన్ని ఇంకా తిప్పుతూనే ఉంది. "ప్రజాభిప్రాయ సేకరణకు మనం హోటల్ల హాలు తీసుకున్నం, యాదికున్నదా? పనిరోజు, పొద్దుగాల పదకొండు గంటలకు. ముగ్గురు వచ్చిన్రు. అందుల ఒకడు ఏసీ మెకానిక్. ఆ అధ్యాయం ఖాళీగ ఉన్నదని సమీక్ష ఆగింది. ఇక్కడేమో నూట నలభై ఆరు మంది, టైముతోని సహా." పుస్తకం మూసింది. "ఏం చెప్పిన్రు వీళ్లు?"

ఎంత గట్టిగా చెప్పారో అందరికీ తెలుసు. ఏం చెప్పారో ఎక్కడా లేదు.

ఆదివారం లోగా తెస్తే నివేదికలో చేరుతుందని, దాటే వంతెన ఇక్కడ కూడా ఒకటి కావాలని అడగడానికి అప్పుడు తన చేతిలో కాగితం ఉంటుందని జైబున్నీసా అంది. ఎవరిని పంపాలో ఆలోచిస్తానంది. అప్పటికే రత్నాకర్ కారు దగ్గరికి నడుస్తున్నాడు. కొత్త పుస్తకం, రెండు పెన్నులు తెచ్చుకున్నాడు. కుర్చీల దొంతరలోంచి రెండు తీసి ఎదురెదురుగా వేసి, ఒకదానిలో కూర్చున్నాడు.

"భీమయ్యన్నా, రూం నంబరు ఒకటి నుంచి పిలువు. అలారం వెట్టకు."

బస్సు దిగివచ్చిన మనుషులు చేతులు కడుక్కోకుండానే లైను కట్టారు. ఒకటో నంబరు మనిషి కూర్చుని, మోకాలి నొప్పితో మొదలుపెట్టాడు. రోడ్డు మాట పదకొండో నిమిషంలో వచ్చింది.