ఎవరూ ఎక్కడికని అడగలేదు

"మనం తిరిగి రాకపోతే ఈ తాళం ఎవులు తీస్తారు?" అంది సుమతి.

పొద్దున్న ఆరున్నర. ప్రయాణానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. త్రినాథరావు నోట్లో బ్రష్షు ఉంది కాబట్టి జవాబు చెప్పలేదు. బ్రష్షు లేకపోయినా చెప్పేవాడు కాదేమో. ఒడిశాలోని రాయగడ మునిసిపాలిటీ పంపుహౌసులో పన్నెండేళ్ళుగా మోటార్ల హోరు మధ్య పనిచేసి, మాట్లాడినా ఎవరికీ వినపడదన్న నమ్మకానికి వచ్చిన మనిషి అతను.

"నిన్నే. తాళం సంగతి అడుగుతన్నాను."

అతను పుక్కిలించి ఉమ్మాడు. "తిరిగొచ్చి మనమే తీస్తాం."

"రాకపోతే అని కదా అడిగినాను!"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజుకు పెట్టుకున్న పని చిన్నదే. బజారుకెళ్ళి పిల్లలిద్దరికీ ఈత ట్యూబులు కొనుక్కురావాలి. సుమతి తమ్ముడు సూర్యప్రకాష్ బార్బడోస్ అనే దీవిలో, సముద్రం ఒడ్డునున్న ఒక హోటల్లో ఏసీ మెకానిక్కు. కరేబియన్ దీవులంటే త్రినాథరావుకు బోధపడలేదు గాని, వెస్టిండీస్ అనగానే తెలిసింది. చిన్నప్పుడు రేడియోలో వాళ్ళ క్రికెట్ విన్నాడు.

తల్లి పోయేనాటికి సూరి అని పిలిచే ఆ తమ్ముడికి ఆరేళ్ళు, సుమతికి పద్నాలుగు. ఆమె ఎనిమిదో తరగతిలో బడి మానేసి వాడికి అన్నం కలిపి పెట్టింది. వాడు ఏటి వైపు వెళితే వీపు వాయగొట్టింది. అలా పెంచిన పిల్లవాడు ఆరేళ్ళ కిందట విమానమెక్కి వెళ్ళి మళ్ళీ రాలేదు. సెలవు అడిగినప్పుడల్లా ఏదో అడ్డం పడింది. ఇప్పుడు ఆ హోటలు ఐదేళ్ళు నిండిన పనివాళ్ళకు ఒక సదుపాయం ఇచ్చింది. ఇంటివాళ్ళను పదిరోజులు తెచ్చుకోవచ్చు, గదీ టిక్కెట్లూ హోటలువే. "పిల్లల్ని తీసుకొచ్చేయ్ అక్కా. ఇసకలో ఆడుకుంతారు" అన్నాడు సూరి.

సుమతికి కావలసింది ఒక్కటే, తమ్ముణ్ణి కళ్ళారా చూడాలి. అయితే చూసే వేళకు పిల్లలిద్దరూ ప్రాణాలతో ఉండాలి. ఏడేళ్ళ సోని బడి అట్లాసు తెచ్చి చూపిస్తే ఆ దీవి ఆవగింజంత ఉంది. మిగతా పేజీ అంతా నీలం. పింటుకు నాలుగేళ్ళు. చెంబెడు నీళ్ళున్న స్నానాలగదిలో రెండుసార్లు జారిపడ్డవాడు.

అందుకని ట్యూబులతో పాటు ఆమె ఆరు మూరల తాడు కూడా కొన్నది. దొడ్లో నీళ్ళతొట్టి నింపి, పింటు నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని వాణ్ణి అందులో కూర్చోబెట్టింది.

"సముద్రం ఇంతేనా అమ్మా?"

"ఇంతకన్నా పెద్దదైతే నువ్వు దిగవు" అంది సుమతి.

తమ్ముడికి రోజూ ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపేది. వాడి పగలు ఆమెకు రాత్రి కాబట్టి, వాడు తీరిక చూసుకుని వినాలి. "సూరీ, ఆ కొబ్బరి సెట్లు గదికి ఎంత దూరంలో ఉన్నాయి? కాయ పిల్లల నెత్తి మీద పడితే ఆస్పత్రి ఎక్కడ?" మొదట వాడు నవ్వే బొమ్మ పంపాడు. "సముద్రం రేత్రిపూట లోపలికొచ్చేస్తే మీరు ఏ మేడెక్కుతారు?" దానికి "అలా రాదక్కా" అన్నాడు. "ఇన్నాల్లూ రాలేదు సరే. ఇకముందు రాదని ఎవులు సెప్పేరు?" ఆ మర్నాడు వాడి జవాబు నవ్వు లేకుండా వచ్చింది. "ఈ హోటలంతా ఒక్క అంతస్తే అక్కా. నేనిప్పటిదాకా సూసుకోలేదు."

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, సుమతి ఈ ప్రయాణం గురించి తాము అద్దెకుంటున్న ఇళ్ళ లైనులో ఎవరికీ చెప్పలేదు. దారిలో విమానం మారడానికి కావలసిన వీసా కాగితాలు విమానమెక్కే ఊళ్ళోనే ఇస్తారు, అవి చేతికి రాకుండా నోరు జారితే దిష్టి తగులుతుంది. మొగుడి చేత, పిల్లల చేత కూడా ఒట్టు వేయించుకుంది. రెండు, ఆ లైనులో ఉన్నవాళ్ళంతా పద్ధతైన మనుషులు. బయల్దేరేవాళ్ళను 'ఎక్కడికి' అని అడిగితే వెళ్ళే పని చెడుతుందని వాళ్ళకు తెలుసు. ప్రాణం పోయినా అడగరు.

ఇల్లు పది రోజులు తాళం వేసి ఉంటే దొంగలు రాక మానరు. ఇంట్లో ఏమీ లేకపోతే దొంగలు వచ్చినా ఏమీ కాదు. ఈ లెక్కన సుమతి సామాను ఇరుగుపొరుగుకు అప్పగించడం మొదలుపెట్టింది. మంచం, పరుపు, కుర్చీలు, బియ్యం డబ్బా ఎడమవైపు ఉండే సస్మిత ఇంటికి చేరాయి. గ్యాసు బండ పేలుతుందేమోనని అది కూడా వాళ్ళకే ఇచ్చింది. ఆఖరున తులసి కుండీ. నీళ్ళు లేక ఎండిపోతే ఇంటికి కీడు. త్రినాథరావు చేత మోయించి కుడివైపు ఉండే దేముడమ్మ గుమ్మంలో పెట్టించింది.

"రోజూ సెంబుడు నీళ్ళు పొయ్యత్తా."

దేముడమ్మ కుండీని చూసింది, సుమతిని చూసింది. ఆ లైనులో ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు చిట్టచివర కదిలించేది తులసమ్మనే. బస్సులో మోసుకుపోలేరు కాబట్టి, నమ్మకమైన పక్కింటికి అప్పగించి పోతారు. దేముడమ్మ గుమ్మంలో అప్పటికే అలాంటివి మూడున్నాయి. ఇది నాలుగోది.

"అలాగేలే అమ్మీ" అంది కుండీని ఆ మూడింటి పక్కకు జరుపుతూ. ఎక్కడికని అడగలేదు.

సాయంత్రానికి సంగతి ఇంటి యజమాని ధనుంజయ్ బాబు చెవిన పడింది. ఆయన ఫారెస్టు గార్డుగా చేసి రిటైరైన మర్యాదస్తుడు. మర్నాడు పంపుహౌసు గేటు దగ్గర త్రినాథరావును ఆపాడు.

"ఎనిమిదేళ్ళున్నావు త్రినాథ్. నాకొక్క మాట సెప్పొచ్చు కదా."

త్రినాథరావు తల వంచుకున్నాడు. "మా ఇంటిది సెప్పొద్దంది బాబూ. దిష్టని."

"సర్లే. ఎప్పుడు?"

"ఇరవయ్యో తారీకు పొద్దున్న రైలుకి."

"పిల్లలతో సుకంగా ఉండండి" అని ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఎంత మంచివాడు అనుకున్నాడు త్రినాథరావు. ఆయనకెలా తెలిసిందన్నది మాత్రం ఆలోచించలేదు.

నాలుగు రోజుల తరవాత చేతిలో టేపుతో ఒక కుర్రాడు వచ్చి తలుపు కొట్టాడు. పేరు దేబాశిష్ అన్నాడు. ఇల్లు ఒకసారి చూసుకోవచ్చా అని ఒడియాలో వినయంగా అడిగాడు. వీసావాళ్ళు చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి చూస్తారని సుమతి ఎక్కడో విన్నది. పక్కింటికి పరుగెత్తి తన కుర్చీనే అరువు తెచ్చి వేసి, అక్కడే కాచిన టీ ఇచ్చి, గదులన్నీ చూపించింది.

దేబాశిష్ కిటికీలు కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. కిటికీలు ఎందుకు కొలుస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు గాని, ప్రభుత్వం మనిషిని అడగకూడదు.

"నీళ్ళు బాగా వస్తాయా?" అన్నాడు.

"పొద్దున్న ఆరింటికి, సందల అయిదింటికి. మా ఆయనే వదుల్తారు" అంది తనకొచ్చిన ఒడియాలో.

"సామాను ఏదీ కనపడదు?"

"అన్నీ పంపించేసేం బాబూ. పిల్లల బట్టలే ఉన్నాయి."

"అయితే ఇరవైకి తప్పకుండా బయల్దేరతారా?"

తడబడితే కాగితాలు ఆపేస్తాడేమోనని ఆమె గుండె దిటవు చేసుకుంది. "తప్పకుండా. గంట కూడా ఆగం."

దేబాశిష్ కళ్ళలో కృతజ్ఞత కనిపించింది. కోరాపుట్ నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తా అతను. పెళ్ళై నెల కాలేదు. ఇరవై రోజులుగా లాడ్జి గదిలో పెళ్ళాన్ని పెట్టి ఇల్లు వెతుకుతున్నాడు. ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం దేముడమ్మ, సస్మిత పళ్ళెంలో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు. సస్మిత సుమతికి బొట్టు పెట్టింది. దేముడమ్మ సోనిని ఒళ్ళోకి లాక్కుని బావురుమంది.

"పిల్లలు జాగర్తమ్మీ. ఎప్పుడైనా మమ్మల్ని తలుసుకో."

సుమతి పళ్ళెం పట్టుకుని వాళ్ళ మొహాలు చూసింది. పది రోజుల ప్రయాణానికి ఇలా ఎవరైనా ఏడుస్తారా? వీళ్ళకు ఏదో కనపడింది. కలలో వచ్చిందో, టీవీలో తుఫాను చూశారో. అడిగితే చెబుతారు, చెబితే అది జరుగుతుంది. ఆమె అడగలేదు. దేముడమ్మ కాళ్ళ మీద పడి, "ఏటైనా తప్పు సేసుంటే మనసులో ఎట్టుకోకత్తా" అని తనూ ఏడ్చింది. ఆ ఏడుపు చూసి సస్మిత, అమ్మల్ని చూసి పిల్లలు, అందరూ ఏడ్చారు. పంపుహౌసు నుంచి వచ్చిన త్రినాథరావు గుమ్మంలోనే ఆగి, కాసేపు చూసి, చెప్పులు విప్పకుండా మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేస్తే మోగింది గాని తీయలేదు. మర్నాడు స్విచ్ ఆఫ్. పంపిన మాటలు వాడు విన్నట్టు గుర్తు కూడా పడలేదు. సుమతి మూడు పూటలు అన్నం ముట్టలేదు.

పద్దెనిమిదో తేదీ పొద్దున్న అయిదున్నరకు ఇంటి ముందు ఆటో ఆగింది. దేబాశిష్ దిగాడు. వెనకాల పట్టుచీరలో ఒక అమ్మాయి, ఒక పంతులు, ఒక కొత్త కిరసనాయిలు స్టవ్వు. వీసావాళ్ళు పంతులుతో ఎందుకొచ్చారో సుమతికి తోచలేదు. అయినా ఇంతదాకా వచ్చాక కాదంటే మొత్తం చెడుతుందని దారి ఇచ్చింది. పంతులు మంత్రం చదివాడు. అమ్మాయి గిన్నెలో పాలు పోసి పొయ్యి వెలిగించింది. పాలు తూర్పు వైపుకు చక్కగా పొంగాయి. మంచి శకునమని సుమతి కూడా దణ్ణం పెట్టింది.

అప్పుడు ఆ అమ్మాయి ఆమె కాళ్ళకు నమస్కరించింది. "నా పేరు వీణండి. మాది పార్వతీపురమే. ఇరవై తరవాత నెల దాకా మంచిరోజు లేదన్నారు, అందుకని ముందే పాలు పొంగించేసేం. మీ బట్టల పెట్టెలు ఎల్లుండి తీసినా పరవాలేదక్కా."

"ఎక్కడికి తియ్యాల?" అంది సుమతి.

పది నిమిషాల్లో లైనంతా గుమిగూడింది. ధనుంజయ్ బాబు మొహం కడుక్కుంటున్నవాడు అలాగే తువ్వాలుతో వచ్చాడు.

"వెస్టిండీసా? పది రోజులకా?" దేముడమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మా! మరి సెప్పొచ్చు కదే!"

"మీరు అడగొచ్చు కదత్తా!"

"బయల్దేరేదాన్ని ఎలాగ అడుగుతామే, నీ పిల్లలకి మంచిదేటి?"

దానికి సుమతి ఒప్పుకోక తప్పలేదు. మంచిది కాదు.

ధనుంజయ్ బాబు దేబాశిష్‌కు ఇల్లిస్తానని మాటిచ్చిన మనిషి. పాలు పొంగిన ఇంట్లోంచి కొత్త పెళ్ళికూతుర్ని పొమ్మనడానికి ఆయనకు నోరు రాలేదు. దేబాశిష్ తల దించుకుని స్టవ్వు తియ్యబోయాడు. వీణ కళ్ళు తుడుచుకుంటోంది. సుమతి అది చూసింది.

"ఉండనీ బాబూ" అంది. "కొత్త పిల్ల. పొమ్మంటే దాని ఉసురు నా పిల్లలకి కొడతాది."

త్రినాథరావు ఆమెను పక్కకు పిలిచాడు. "మరి మనం?"

"ఎల్లుండి రైలెక్కుదాం. ముందు సూరిని సూడాల. వచ్చేక ఇల్లు సంగతి."

పన్నెండేళ్ళ కాపురంలో అతను ఆమె నోట 'వచ్చేక' అన్న మాట వినడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం అయ్యేసరికి సుమతి వాళ్ళు నలుగురూ వసారాలో కూర్చున్నారు. చుట్టూ రెండు బట్టల పెట్టెలు, రెండు ట్యూబులు. లోపల వీణ కిటికీలకు తెరలు కడుతోంది. అప్పుడు సుమతి ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా" అన్నాడు సూరి.

ఆమె ఊపిరి తిప్పుకోకుండా మొదలుపెట్టింది. "బతికున్నావేట్రా! మూడు రోజుల్నించీ సచ్చిపోతన్నాను. ఇదిగో, ఇల్లు పోయింది. పోతే పోయింది. సముద్రం లోపలికొచ్చినా సరే, కొబ్బరికాయ నెత్తి మీద పడినా సరే, మేం ఎల్లుండి బయల్దేరతన్నాం. నిన్ను సూడకుండా ఇంక ఉండలేను. ఇంటన్నావా?"

అటువైపు నుంచి చక్రాల చప్పుడు లాంటిదేదో వస్తోంది.

"సూరీ?"

సోని వచ్చి తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది. త్రినాథరావు ఫోను వైపు చూస్తున్నాడు. లోపల తెర కట్టడం ఆగింది. దేముడమ్మ తన గుమ్మంలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడు సూరి అన్నాడు.

"రాకండక్కా. నానే వచ్చేస్తన్నాను. ఆరేళ్ళు ఆ సముద్రం పక్కనే పడుకున్నాను, ఒక్కరోజూ దాని సప్పుడు పట్టించుకోలేదు. నువ్వడిగినవన్నీ ఇన్నాక నిద్దర పట్టడంలేదు. అడిగినవాటిలో ఒక్కదానికీ నాకాడ జవాబు లేదు. ఉద్యోగం వదిలేసేను. రైలు ఇప్పుడే పార్వతీపురం దాటింది. ఆకలేస్తంది, తిన్నగా ఇంటికొస్తాను, అన్నం ఎట్టు."

పార్వతీపురం నుంచి రాయగడకు రైలు గంటలో వస్తుంది. ఆ గంటలో సుమతికి ఒక ఇల్లు కావాలి.