గౌరవ దత్తత

జీవకారుణ్య మహోద్ధారకులారా! నేరం మీ మీదే మోపుతున్నాం, చెవులు రిక్కించి వినండి. మనిషి కనిపిస్తే చాలు ఒళ్ళోకెక్కి కూర్చునే పిల్లిని బోనులో పెట్టింది మీరు. బోను మీద "నాకో ఇల్లు కావాలి" అని బోర్డు తగిలించింది మీరు. ఆ బోర్డు చదివి ఆశగా వచ్చిన ప్రతివాళ్ళనీ గుమ్మంలోంచే సాగనంపి, అదే బోర్డు ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటూ ఫొటోలు దిగిందీ మీరే! కాదంటారా? అయితే మిషనక్కను అడగండి.

మిషనక్కంటే బట్టలు కుట్టే ఆవిడ. బజారు వీధిలో, చెప్పుల దుకాణం పైన, ఒక్క గది. ఒకప్పుడు ఆ గదిలో రెండు మిషన్లు ఎదురెదురుగా ఉండేవి. ఒకదాని మీద ఈవిడ, రెండోదాని మీద ఈవిడ అక్క. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకుంటూ కుట్టేవాళ్ళు. కిందటేడు అక్క పోయింది. ఇప్పుడు పనికి లోటు లేదు, తిండికి లోటు లేదు, తిట్టడానికే మనిషి కరువు.

మూగజీవుల శరణాలయం వార్షికోత్సవానికి వేదికకు తెర కుట్టమని మిషనక్కను పిలిచారు. హాలు నేల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర అందుకుందో లేదో, సరిగ్గా ఆ గీత మీద ఒక తెల్లపిల్లి వచ్చి పడుకుంది.

"లే తల్లీ! తెర బదులు నీ తోక తెగుతుంది."

లేవలేదు. పైగా ఒళ్ళోకెక్కి, నుదురు తెచ్చి ఆవిడ గడ్డం కింద దూర్చి, పాత మిషనులా గుర్రుమంది. మిషనక్క కత్తెర కింద పెట్టేసింది. అక్క పోయాక ఆమె గడ్డం కింద తల పెట్టిన ప్రాణి అదొక్కటే.

"ఏమ్మా, దాన్ని వదులు! రిహార్సల్సు మధ్యలో పారిపోయి వచ్చింది" అంటూ కార్యదర్శి పరుగున వచ్చింది.

పిల్లికి రిహార్సల్సేమిటి అనుకుంటున్నారు కదూ? ఇక్కడ గౌరవ దత్తత గురించి సవినయంగా మనవి చేసుకోవాలి. ప్రతి సభలోనూ ముఖ్య అతిథి ఒళ్ళో ఈ పిల్లిని పెడతారు. "నేటి నుంచి ఇది నా బిడ్డ!" అంటాడాయన. చప్పట్లు! కెమెరాలు! సభ ముగియగానే తండ్రి ముందు తలుపులోంచి కారెక్కుతాడు, బిడ్డ వెనక తలుపులోంచి బోనెక్కుతుంది. ఆ లెక్కన దానికి ఒక జడ్జి నాన్న, ఒక బ్యాంకు మేనేజరు నాన్న, ఇద్దరు సినిమా అమ్మలు ఉన్నారు. అంతటి వంశం ఉన్న ప్రాణి ఊళ్ళో మరొకటి లేదు. ఇల్లు మాత్రం లేదు!

మిగతా పిల్లులకు ఆ భోగం పట్టలేదు. అవి గోళ్ళున్న పిల్లులు. ఒకసారి నల్లపిల్లితో ప్రయత్నిస్తే అది అతిథిగారి ముక్కు మీద సంతకం పెట్టింది. అప్పటి నుంచి అన్ని పదవులూ తెల్లదానికే.

ఇవేవీ తెలియని మిషనక్క నోరు తెరిచి అడిగింది. "అమ్మగారూ, దీన్ని నాకిస్తారా? బోర్డు మీద ఇల్లు కావాలని రాశారుగా. నాకు ఇల్లుంది."

ఎంత అమాయకత్వం! బోర్డు చదివి నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట.

మర్నాడే గృహ తనిఖీ. అధ్యక్షురాలు, ఉపాధ్యక్షురాలు, కార్యదర్శి, ముగ్గురూ ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"ఇల్లంతా ఈ ఒక్క గదేనా?" అంది అధ్యక్షురాలు.

"అవునండీ. ఉండేది నేనొక్కదాన్నేగా."

"పిల్లి ఎక్కడ పడుకుంటుంది?"

"నా మంచం మీద."

"అయ్యో, పరిశుభ్రత!" అంది ఉపాధ్యక్షురాలు.

"రోజూ దులుపుతానండీ."

"నీ గురించి కాదమ్మా, పిల్లి పరిశుభ్రత గురించి!"

కార్యదర్శి మిషను వైపు వేలు చూపించింది. "ఇక్కడ సూదులున్నాయి. ప్రాణాపాయం!"

"ఇన్నేళ్ళుగా ఈ సూదుల మధ్యే బతుకుతున్నాను కదమ్మగారూ."

"నువ్వు వేరు, పిల్లి వేరు" అని తేల్చేసింది అధ్యక్షురాలు.

నిజమే మరి! ఆ గదిలో మనిషి ఎలా బతుకుతోందో చూడటానికి ఇన్నేళ్ళలో ఒక్కరూ ఆ మెట్లెక్కలేదు. పిల్లి వస్తుందేమోనని ముగ్గురెక్కారు!

"పరిశీలనలో ఉంచుతాం" అని దిగిపోతూ మెట్ల మలుపులో వాళ్ళు గొంతు తగ్గించారు. తగ్గించినా పైన నిలబడ్డ మిషనక్కకు వినబడింది.

"పోయిన నెల అయిదు గదులవాళ్ళొస్తే, ఇల్లు మరీ పెద్దది, పిల్లి తప్పిపోతుందన్నాం కదండీ?"

"అందుకేగా ఈవిడది చిన్నదన్నాం! ఇచ్చేస్తే రేపు సభలో అతిథి ఒళ్ళో ఏం పెడతావు? నల్లపిల్లినా?"

మిషనక్క ఆ పూట కుట్టిన ప్రతి కుట్టూ వంకర పోయింది.

వార్షికోత్సవం రానే వచ్చింది. తెర మధ్యలో ఇరుక్కుంటే సరిచేయడానికి మిషనక్కను వేదిక పక్కన నిలబెట్టారు. ముఖ్య అతిథి పెద్ద వ్యాపారి, నల్ల కోటు. పిల్లిని ఒళ్ళో పెట్టగానే మైకు ముందుకు వంగాడు.

"ఈ క్షణం నుంచి ఇది మా ఇంటి ఆడపడుచు!"

హాలు దద్దరిల్లింది. అధ్యక్షురాలు రుమాలు తీసింది. ఈసారి ముక్కుకు కాదు, కళ్ళకు. పిల్లికి ఉపన్యాసాలు తెలియవు, ఒడి తెలుసు. పాపం నమ్మేసింది! నుదురు తెచ్చి ఆయన గడ్డం కింద దూర్చి కళ్ళు మూసుకుంది. అలా ఎంతమంది గడ్డాల కింద నమ్మి కళ్ళు మూసుకుందో, ఎన్నిసార్లు బోనులో తెరిచిందో!

తెర పడింది. పడీ పడగానే అతిథి లేచాడు. "తీసెయ్యండి దీన్ని! కోటంతా బొచ్చు!" అని పక్కకు చూడకుండా చేతికందిన మనిషికి అందించేశాడు. ఆ మనిషి మిషనక్క.

"బోనులో పడెయ్" అని చెప్పి, అతిథిని సాగనంపడానికి కార్యదర్శి పరుగెత్తింది.

వెనక తలుపు వైపు బోను. ముందు తలుపు వైపు కారు. మిషనక్క చంకలో పిల్లి. ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముందు తలుపు వైపే నడిచింది. నడక కాదది, దండయాత్ర!

"సార్! సార్! మీ ఆడపడుచుని మరిచిపోయారు!"

కారులో ఒక కాలు, బయట ఒక కాలు పెట్టిన అతిథి అలాగే బిగుసుకుపోయాడు. కెమెరాలన్నీ గిర్రున తిరిగాయి. పిల్లి గెంతి కారు సీట్లో కూర్చుంది.

"అవునవును... ఎలా మరిచిపోతాను!" అని ఆయన పళ్ళన్నీ బయటపెట్టి, రెండు తుమ్ములు తుమ్మి, అధ్యక్షురాలి వైపు చూశాడు. "మేడమ్, నేను ఊళ్ళు తిరిగేవాణ్ణి. నా తరఫున మీ ఇంట్లో ఉంచండి. మీ అంత ప్రేమ ఎవరికుంటుంది?"

"మా ఇంట్లోనా!" మైకు లేకుండానే వీధి చివరికి వినబడింది. "కొత్త సోఫాలండీ! తోలువి!"

ఆయన ఉపాధ్యక్షురాలి వైపు తిరిగాడు.

"మావారికి జంతువులు గిట్టవండీ."

కార్యదర్శి అడగకముందే వెనక్కి తగ్గింది. "నాకసలు... పిల్లులంటే భయమండీ."

"మేడమ్, ఇంకోసారి చెప్పండి, సౌండు సరిగా రాలేదు!" అని కెమెరా అతను అరిచాడు.

అతిథి మూడోసారి తుమ్మాడు. "ఏవమ్మా, మీలో ఎవరికీ అక్కర్లేదా ఈ పిల్లి?"

"నాకు కావాలని మొదటి రోజే అడిగాను సార్. నా గది చిన్నదన్నారు" అంది మిషనక్క.

"చిన్నదైతే ఏం? పెంచేది ఏనుగునా! తీసుకెళ్ళు తల్లీ, నీకు పుణ్యముంటుంది, ముందు కారులోంచి తియ్యి!"

తీసింది. కమిటీ కళ్ళ ముందే, కెమెరాల మధ్య నుంచే, ఇంటికి తీసుకుపోయింది.

సిగ్గుపడి ఉంటారనుకున్నారా? మర్నాడు పేపర్లో ముగ్గురి ఫొటో! "పేదరాలికి పిల్లి: సంఘం ఔదార్యం." ఆ వార్త జనం చదువుతున్న వేళకే శరణాలయంలో ఒక బూడిదరంగు పిల్లిని పట్టుకుని గోళ్ళు కత్తిరిస్తున్నారు. వచ్చే సభకు అది ఒళ్ళో కూర్చోవాలి. దాని బోను మీదా అదే బోర్డు!

చాలించండి! ఆ కత్తెర ఇప్పుడే కింద పెట్టండి. దత్తత సభలు రద్దు చెయ్యండి. అడిగినవాళ్ళ గదులు కొలవడం మానండి. కార్యవర్గంలో ఉండాలనుకునే ప్రతివాళ్ళూ తలా ఒక పిల్లిని, గోళ్ళున్నదాన్నే, ఇంటికి తీసుకెళ్ళి కొత్త సోఫా మీద కూర్చోబెట్టండి. అది చేతకాదంటే, పిల్లి కోసం గేటు బయట నిలబడ్డవాళ్ళ చేతుల్లో తాళంచెవులు పెట్టి తప్పుకోండి. వచ్చే సభలో కాదు, ఇవాళే!