ఏదమ్మ మూటా, అడవి సభ ఉద్ధరణా

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బండ ఉండేది. పెద్ద అడవి సంగతి చెప్పడానికి పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు గనక నేను బండ సంగతే చెబుతాను.

అడవి నడుమ ఒక ఏరు. ఏటికి ఇవతల దుంపల కొండ, అవతల ఇప్పచెట్లు. సరిగ్గా ఏటి మధ్యలో, అడుగునున్న ఇంకో రాయి మీద పలకలా కూర్చుని ఉండేది ఆ బండ. ఇవతలివాళ్లు పొద్దున్నే దుంపలు తవ్వి తెచ్చి బండ మీద పెట్టి వెళ్లిపోయేవాళ్లు. మధ్యాహ్నం అవతలివాళ్లు వచ్చి, దుంపల పక్కన తమకి తోచినంత ఎండు ఇప్పపువ్వు పోసి వెళ్లేవాళ్లు. సాయంత్రం ఇవతలివాళ్లు మళ్లీ వచ్చి, చాలుననిపిస్తే పువ్వు తీసుకుని దుంపలు వదిలేసేవాళ్లు. చాలదనిపిస్తే రెండూ ముట్టుకోకుండా ఇంటికి పోయేవాళ్లు. మర్నాడు అవతలివాళ్లు ఇంకో దోసెడు కలిపేవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు, ఒకరినొకరు తిట్టుకున్నదీ లేదు.

దీనికంతకీ ఒకటే కట్టుబాటు. ఎంత మొనగాడైనా సరే, రోజుకి ఒక్క మూటకి మించి బండ మీద పెట్టకూడదు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారని అడిగితే మా తాత పెట్టాడని అందరూ చెప్పేవాళ్లు.

ఏదమ్మ అనే ఏదుపందికి ఆ బండే దిక్కు. మొగుడు పోయిన ఏడాది చిరుతపులి పాలయ్యాడు. ముగ్గురు పిల్లలు. వానాకాలం రెండు నెలలూ కొండ మట్టి బంకలా కాళ్లకి చుట్టుకుని దుంప తవ్వనివ్వదు. ఆ రెండు నెలలకీ సరిపడా ఇప్పపువ్వు ముందే బొరియలో నింపుకోవాలి. కిందటేడు సగమే నిండింది. కిందటేడు ఆమెకి నలుగురు పిల్లలు.

ఇలా ఉండగా అడవి సభలో ఒక తీర్మానం వచ్చింది, పేదరికం పోగొట్టాలని. ఉన్నట్టుండి ఎందుకొచ్చిందంటే, పక్క అడవి సభలో వచ్చింది కాబట్టి.

ముందు నక్క నాంచారయ్య లేచాడు. పక్క అడవిలో నాలుగేళ్లు చదువుకొచ్చినవాడు.

"వర్తకానికి సంకెళ్లు తీసేస్తే చాలు," అన్నాడు. "ఈ ఒక్క మూట కట్టుబాటేమిటి, పాతరాతియుగంలా. ఎవరు ఎంత తవ్వగలిగితే అంత తవ్వనివ్వండి, ఎంత పెట్టగలిగితే అంత పెట్టనివ్వండి. పేదరికం దానంతటదే ఏరు దాటిపోతుంది."

"పోతుంది, పేదవాళ్లని కూడా వెంటబెట్టుకుని," అన్నారు ఏనుగు భద్రయ్యగారు. "బలిసినవాడికీ బక్కవాడికీ మధ్య సర్కారు నిలబడాలి. నిలబడ్డానికి నేనున్నాను."

"మీరు నిలబడితే మధ్యలో ఇంకెవరికీ చోటుండదండి," అన్నాడు నాంచారయ్య.

సింహంగారు అప్పటికి ఒక కునుకు తీసి లేచారు. "నాంచారయ్య చెప్పింది బాగుంది. భద్రయ్య చెప్పిందీ బాగుంది. పక్షం రోజులు అది చేద్దాం, పక్షం రోజులు ఇది చేద్దాం," అన్నారు. ఆయన రాజుగా అంతకాలం ఎలా నెగ్గుకొచ్చారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

వెనకాల నుంచి ఏదమ్మ కాలెత్తింది. "అయ్యా, నెల దాటితే వానలొస్తాయండి. నా బొరియ ఇంకా సగం కూడా నిండలేదు. ఈ ఒక్క నెలా బండ జోలికి రాకండి. తర్వాత మీ ఇష్టం."

సభకి గుమాస్తా కొండముచ్చు. అతను జాలిగా చూశాడు. "ఇదంతా నీ కోసమేనమ్మా. నువ్వే అడ్డుపడితే ఎలా?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకో అని గొణుక్కుంటూ ఏదమ్మ ఇంటికి పోయింది.

మర్నాడే నాంచారయ్య ఏలుబడి మొదలైంది. అడవిపందుల జట్టు ఒకటి కొండ మీద దిగింది. సలహా చెప్పినందుకు నాంచారయ్యకి వాటా. పందులు ముట్టెలతో కొండని దున్నిపారేసి, బండ మీద దుంపలు గుట్టలుగా పోశాయి.

మంచి జరగలేదని నేను అబద్ధం చెప్పను. మొదటి నాలుగు రోజులూ అవతలి గట్టున కుందేళ్లు కూడా కడుపునిండా దుంప తిన్నాయి. అంతకుముందు వాటికి దాని వాసనే తెలుసు. నాంచారయ్య గట్టున నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ ఆ కుందేళ్లని చూపించాడు.

ఏదమ్మ మూట మాత్రం ఆ గుట్ట కింద ఎక్కడో పడిపోయింది. మామూలుగా మూడు దోసిళ్ల పువ్వొచ్చే మూటకి నాలుగు రేకలొచ్చాయి. ఆమె నాంచారయ్య దగ్గరికి వెళ్లింది.

"పోటీ పడాలమ్మా," అన్నాడు. "నువ్వు కూడా ముట్టెతో తవ్వు."

"నాకు ముట్టె లేదు కదా బాబూ."

"అది నీ లోటు. వర్తకం లోటు కాదు."

పదో రోజుకి అవతలివాళ్లకి దుంపలంటే మొహం మొత్తింది. కడుపు నిండినవాడు పువ్వెందుకు పోస్తాడు? బండ మీద దుంపలు కుళ్లి, ఈగలు ముసిరి, అటూ ఇటూ ఎవరూ ఆ దరికి పోలేకపోయారు. పందులు నాంచారయ్యని వెతుక్కుంటూ వచ్చాయి. అతను రెండు రోజులు ముళ్లపొదలో కూర్చుని స్వేచ్ఛ గురించి ఆలోచించాడు.

పక్షం పూర్తయ్యాక కొండముచ్చు అందరి బరువులూ చూసి సభలో నివేదిక చదివాడు. "సగటున అడవి లావెక్కింది మహారాజా."

"ఆ ఏదుపంది?" అడిగారు సింహంగారు. మంచివాడే పాపం, అప్పుడప్పుడు గుర్తు పెట్టుకుంటాడు.

"ఆమె కూడా సగటులో ఉందండి."

తర్వాత భద్రయ్యగారి పక్షం. ఆయన రాగానే పందుల్ని కొండ మీంచి తరిమేశారు, బండ కడిగించారు. ఆ పూట ఏదమ్మ ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టింది. పెట్టవలసిన పనే చేశారు, కాదనను. అక్కడితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు.

ఊరుకోలేదు. దుంపల శాఖ అని ఒకటి పెట్టారు. ఇకనుంచి ఎవరూ బండ దగ్గరికి పోకూడదు. దుంపలన్నీ ఇవతలి గుహలో అప్పజెప్పాలి. అవతలివాళ్ల పువ్వంతా శాఖే తెప్పించి, పేదలకి మాత్రం పంచుతుంది. దుంపల నాణ్యం భద్రయ్యగారు స్వయంగా రుచి చూసి తేలుస్తారు. ఏనుగు ఒక్క ముద్ద రుచి చూడ్డమంటే ఏదమ్మ మూటంత. ఆయనకి మొదటి ముద్దలో నాణ్యం తెలిసేది కాదు.

గుహ ముందు కొండముచ్చు కూర్చున్నాడు. ఏదమ్మ వరసలో నిలబడి నిలబడి మధ్యాహ్నానికి అతని ముందుకొచ్చింది.

"పేదదానివని రుజువేముంది?" అన్నాడు.

"ఆకలేస్తోందయ్యా."

"ఆకలి అందరికీ వేస్తుంది. భద్రయ్యగారికి నీకన్నా ఎక్కువ వేస్తుంది." ఆమె చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "ఒంటి మీద ఇన్ని ముళ్లున్నాయి. ఇవి ఆస్తి కాదూ? ఒక్కోటీ ఒక బల్లెం. కుందేలుకి ఒక్కటైనా ఉందా?"

"ముళ్లు తింటామా అయ్యా?"

"తినడం మా శాఖ కిందికి రాదు. ఉండడం వరకే మేం చూస్తాం. నీకు ఉన్నాయి."

ఏదమ్మ ఇంటికెళ్లి ఏం చేసిందో తెలుసా? రాతికేసి ఒళ్లు రాసుకుని సగం ముళ్లు రాల్చేసుకుంది. చిరుతలు తిరిగే అడవిలో ఏదుపందికి ముల్లంటే ప్రాణం. పిల్లలు చూసి ఏడుస్తుంటే, మళ్లీ మొలుస్తాయిలే అంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రక్తం కారే వీపుతో మర్నాడు మళ్లీ వరసలో నిలబడింది.

కొండముచ్చు చూశాడు. "నిన్న నిండుగా ఉన్నాయి. ఇవాళ సగమే ఉన్నాయి. అంటే ఆస్తి దాచి వచ్చావన్నమాట," అన్నాడు. జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాడు. అంతవరకు పేరు ఎక్కించనేలేదు, ఎక్కించి మరీ కొట్టేశాడు.

పక్షం ఆఖరి రోజున భద్రయ్యగారికి పంపిణీ ఘనంగా చెయ్యాలనిపించింది. గుహలో ఉన్న పువ్వంతా బుట్టలకెత్తి బండ మీద పేర్పించారు. సింహంగారు గట్టున కూర్చున్నారు. భద్రయ్యగారు మెళ్లో దండతో ఉపన్యాసం ఇవ్వడానికి బండెక్కారు.

"సోదర సోదరీమణులారా, ఈ బండ ఇకమీదట మీ అందరిదీ," అంటూ వెనక కాళ్లు కూడా పైన పెట్టారు.

అడుగు రాయి జారింది. బండ ఒక పక్కకి ఒరిగి, పూల బుట్టలతో, దండతో, భద్రయ్యగారితో సహా ఏట్లో పడింది. పలకలాంటి బండ మూడు ముక్కలైంది. పక్షం రోజుల పువ్వంతా నీళ్ల మీద తేలుతూ కిందికి పోయింది.

"నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే," అన్నాడు నాంచారయ్య గట్టు మీంచి. "సర్కారు బరువుని వర్తకం మొయ్యలేదు."

"నీ పందులు పోసిన గుట్టల బరువుకే అడుగు రాయి కదిలింది," అన్నారు భద్రయ్యగారు, తొండంలో నీళ్లు చిమ్ముకుంటూ.

పొద్దుగుంకేదాకా వాదించుకున్నారు. సింహంగారు ఇద్దరిదీ బాగుందన్నారు.

ఏదమ్మ ఆ వాదన వినలేదు. ఆకాశంలో మబ్బు పడుతోంది. మహా అయితే పది రోజులు. ఏటి వెంట కిందికి నడుస్తూ, పొదలకి తట్టుకున్న పువ్వు రేకలు ఏరుకుంటోంది. ఏటి వంపు దగ్గర అవతలి గట్టున కూడా ఎవరో వంగి ఏరుకుంటున్నారు. తలెత్తి చూస్తే ముసలి ఎలుగుబంటి. పేరు బూచన్న.

అతను ఆమె వీపుకేసి చాలాసేపు చూశాడు. "మూట విడిపోకుండా రెండు ముళ్లు గుచ్చి పెట్టేదానివి నువ్వేనా?"

"నేనే. పువ్వులో పుల్లలు ఏరేసి పోసేది మీరేనా?"

"మా ఆడది ఏరుతుంది. నాకు అంత ఓపికెక్కడిది? నెల్లాళ్లుగా నీ మూట కనబడలేదు చెల్లెమ్మా. చచ్చిపోయావేమో అనుకున్నాం."

"ఇంకా లేదన్నా. సభవారు ప్రయత్నిస్తున్నారు."

బూచన్న నవ్వాడు. ఏదమ్మకి మాత్రం ఏడుపొచ్చింది. ఈ నెల్లాళ్లలో ఆమెని కనబడలేదేమని అడిగినవాడు అతనొక్కడే. పిల్లల సంగతి, బొరియ సంగతి అంతా చెప్పేసింది.

అక్కడే, వంపులో పొదల చాటున, ఇంకో రాయి ఉంది. చిన్నది, ఎగుడుదిగుడుది, ఏనుగు కన్ను పడనిది. మర్నాటి నుంచి ఆమె మూట ఆ రాయి మీదికొచ్చింది. పందుల ముట్టెలకి అందని రాళ్లసందుల్లో ఏదుపంది గోళ్లకి ఇంకా దుంపలు దొరుకుతున్నాయి. అవతలి నుంచి మూడు దోసిళ్ల పువ్వొచ్చింది. ముగ్గురు పిల్లలని విన్నాక నాలుగోది కూడా వచ్చింది. నోటి మాట మీద తెలిసి మిగతా చిన్న ప్రాణులూ వచ్చాయి. రోజుకి ఒక్క మూటే. ఒక పూట కుందేలొకటి రెండో మూట పెడితే, ఉడుత దాన్ని దులిపి వెనక్కి ఇచ్చేసింది.

గుహ ముందు కొండముచ్చు వారం రోజులు ఒంటరిగా కూర్చున్నాడు. తర్వాత సభలో చదివాడు: "వరసలో ఒక్క పేదవాడు కూడా లేడు మహారాజా. పేదరికం పోయింది." సభ చప్పట్లు కొట్టింది. నాంచారయ్య, భద్రయ్యగారు ఇద్దరూ లేచి నిలబడి, అది తన వల్లే పోయిందన్నారు. దండలు రెండు తెప్పించారు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా, ఏదమ్మ బొరియ నిండాకే వచ్చాయి. గుహలో దుంప లేదు, పువ్వు లేదు. కొండ మీద తవ్వడానికి మట్టి తప్ప ఏమీ లేదు. పందులకి పక్కటెముకలు తేలాయి. భద్రయ్యగారి చర్మం రెండు సైజులు పెద్దదైంది. రెండు నెలలు గడిచి వాన తెరిపిచ్చాక సభంతా నీరసంగా ఏదమ్మ బొరియ దగ్గరికి వచ్చింది. పిల్లలు బొద్దుగా బయట ఆడుకుంటున్నారు.

"నువ్వు వానలు గడిపింది వర్తకం వల్లా, సర్కారు వల్లా?" అడిగాడు నాంచారయ్య. "నిజం చెప్పు, చరిత్రలో రాయాలి."

ఏదమ్మ వెటకారంగా చెప్పాలనుకుంది గానీ, ఆకలితో ఉన్న మొహాలు చూసి మామూలుగానే చెప్పింది.

"నచ్చితే తీసుకుంటాం, నచ్చకపోతే వదిలేస్తాం, బలవంతం లేదు. ఎంతటివాడైనా ఒక్క మూటకి మించి పెట్టకూడదు, ఆ విషయంలో మొహమాటం లేదు. ఈ రెండూ కలిస్తేనే బండ నడుస్తుందండి. ఒకటి తీసేస్తే రెండోది కూడా పోతుంది."

"విన్నారా?" అన్నాడు నాంచారయ్య. "బలవంతం లేదు అంది. అదే స్వేచ్ఛ."

"మించి పెట్టకూడదు అంది," అన్నారు భద్రయ్యగారు. "అదే సర్కారు."

"ఆమె మొదట చెప్పింది నా మాట."

"చివర చెప్పింది నా మాట. చివరిదే లెక్క."

అలా వాదించుకుంటూనే దారి పట్టారు. సింహంగారు వెనకాల నడుస్తూ ఇద్దరిదీ బాగుందంటున్నారు. కొండముచ్చు ఒక్కడే ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "అయితే ఆ కొత్త బండ ఎక్కడుందమ్మా? ఊరికే, నివేదికలో రాసుకుందామని."

"ఏ బండయ్యా?" అంది ఏదమ్మ.

అతను వెళ్లిపోయేదాకా వాకిట్లోనే నిలబడింది. తర్వాత పిల్లల్ని లోపలికి పిలిచింది. ముగ్గురూ వచ్చారు.

నీతి: పేదవాడికి బతకడం వస్తే చాలదు, ఉద్ధరించేవాళ్లకి దొరక్కుండా బతకడం కూడా రావాలి.