షెరిన్ మోకాలి మీద విచారణ

శుక్రవారం ఉదయం సాలమన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి మెసైమీర్ చర్చిలో ఆరాధన, వచ్చేటప్పుడు ఒక హమూర్ చేప, మధ్యాహ్నం సుసన్న చేతి పులుసు, ఆపైన నిద్ర. కతార్‌లో పద్దెనిమిదేళ్ళుగా అతని శుక్రవారాలు ఇలాగే గడిచాయి. ఈ శుక్రవారం మాత్రం పొద్దుటినుంచీ మనసు వీటి మీద లేదు. ఆదివారం నాడు కూతురు షెరిన్ సంగతి కాలేజీల క్రీడా లీగు కమిటీ తేల్చబోతోంది.

షెరిన్ సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తిచేసింది. నాలుగేళ్ళలో కాలేజీ తరఫున బ్యాడ్మింటన్ మూడేళ్ళే ఆడింది కనుక లీగు లెక్కలో ఇంకో ఏడాది ఆట మిగిలి ఉంది. మామూలుగా కాలేజీ మారినవాళ్ళు ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలి. డిగ్రీ అయినవాళ్ళకు ఒక్కటే వెసులుబాటు. పాత కాలేజీలో లేని పీజీ కోర్సు కోసం, కేవలం చదువు కోసమే మారుతున్నామని కమిటీకి నమ్మకం కలిగితే వెంటనే ఆడవచ్చు. కలగకపోతే ఆ మిగిలిన ఏడాది కాస్తా గోవిందా. షెరిన్‌కు ఏడేళ్ళ వయసు వచ్చినప్పటినుంచీ తెల్లవారుజామున ఐదింటికి లేచి, డ్యూటీకి ముందు ఆమెను ఆటకు తీసుకెళ్ళినవాడు సాలమన్. ఆ ఆఖరి ఏడాది ఆమెకన్నా అతనికే ఎక్కువ కావాలి.

దరఖాస్తు నింపింది కూడా అతనే. ఎందుకు మారుతున్నారో వివరిస్తూ జతచేయవలసిన ఉత్తరం మాత్రం షెరిన్ రాసింది. సముద్రపు నీటిని తాగునీటిగా మార్చే చదువు గురించి రెండు పేజీలు. అది చదివి సాలమన్ ముగ్ధుడయ్యాడు. అతను ఒక కాంట్రాక్టు కంపెనీలో కాగితాలు చూసే మనిషి. కంపెనీ మారాలంటే పాత కంపెనీ ఒప్పుకోవలసిన రోజుల్లో ఎందరికో దరఖాస్తులు టైపు చేసిపెట్టాడు. అమ్మకు బాగాలేదనీ, దుమ్ము పడటం లేదనీ రాశాడు గానీ, కొత్తచోట జీతం ఎక్కువని ఒక్కదాంట్లోనూ రాయలేదు. కాగితం మీది కారణం వేరు, మనసులోది వేరు అని అతని గట్టి నమ్మకం. కూతురు తనకన్నా బాగా అబద్ధం రాసిందని లోలోపల గర్వపడ్డాడు.

ఆరాధన చివర పాస్టరుగారు ప్రార్థన మనవులు ఉన్నవాళ్ళు చెప్పమన్నారు. సాలమన్ అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. దేవుడి దగ్గర దాపరికం దేనికని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"మా షెరిన్‌కి ట్రాన్స్‌ఫర్ రావాలని ప్రార్థన చెయ్యండి. పాత కాలేజీలో కోచ్ మానేశాడండి. కొత్త కాలేజీ టీము గట్టిదండి. ఈ ఒక్క ఏడాదీ అమ్మాయి అక్కడ ఆడితే కప్పు మనదేనండి. ప్రభువే చూసుకోవాలి."

సంఘమంతా ఆమెన్ అంది. బయట టీ తాగుతుంటే, పాటల బృందంలో కొత్తగా చేరిన ఎడ్వర్డ్ నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, షెరిన్ మీ అమ్మాయాండీ? ఆ ఫైలు మా ఆఫీసులోనే ఉంది. కమిటీకి కాగితాలు సర్దిపెట్టేది నేనే."

సాలమన్‌కు పొలమారింది. దేవుడు విన్నాడో లేదో తెలియదు గానీ ఎడ్వర్డ్ మాత్రం శుభ్రంగా విన్నాడు. చేప సంగతి మరిచిపోయి ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఫ్లాటుకు వచ్చి పడ్డాడు. రాగానే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని లింబాద్రికి ఫోన్ చేశాడు. లింబాద్రి అదే కంపెనీలో బస్సు డ్రైవరు, ఆర్మూరు మనిషి, ఇరవై రెండేళ్ళలో మూడు కంపెనీలు మారిన అనుభవశాలి.

"కొంప మునిగిందయ్యా లింబాద్రీ. ఆట కోసమే వెళ్తోందని నా నోటితో నేనే చెప్పేశాను."

"పరేషాన్ గాకు అన్నా," అన్నాడు లింబాద్రి. "నేను మొదటి కంపెనీ ఇడిసినప్పుడు ఏమని చెప్పిన? జీతం ముచ్చట ఎత్తిన్నా? నడుం నొస్తుంది, లారీ తోలుడు నాతోని గాదన్న. ఖలాస్, ఇడిసిపెట్టిండ్రు. పనికి రానోన్ని ఎవడన్న ఆపుతడా?"

"అంటే?"

"బిడ్డకు కాలు నొస్తుందను. ఆడనే రాదాయె, ఇగ ఆటకోసం పోతుందని ఎవడంటడు?"

భయపడ్డవాడికి ఏ సలహా అయినా దివ్యంగానే కనిపిస్తుంది. సాలమన్ వెంటనే సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. షెరిన్ మోకాలికి దెబ్బ తగిలిందనీ, ఇక ఆడలేదనీ, పూర్తిగా చదువు కోసమే వెళుతోందనీ, అందరూ ప్రార్థించాలనీ. షెరిన్ అప్పుడు లైబ్రరీలో ఉంది. సుసన్న వంటింట్లో, రాని చేప కోసం చింతపండు నానబెడుతోంది.

గంటలో నలభై ఆమెన్‌లు వచ్చాయి. రెండో గంటలో సంఘంలోని పుష్ప ఆంటీ, మరో ఇద్దరు పెద్దావిడలు సూపు గిన్నెతో, ప్రార్థించిన కొబ్బరినూనె సీసాతో దిగారు. లిఫ్టు పనిచేయక మూడంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కారు.

"మోకాలా? ఎవరికి?" అంది సుసన్న తెల్లబోయి.

సాలమన్ భార్యకు కళ్ళతో సైగలు చేస్తుండగానే మెట్ల మీద ధనధనమని చప్పుడైంది. షెరిన్ రెండేసి మెట్ల చొప్పున దూకుతూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మోకాలు! మోకాలు జాగ్రత్త!" అని కేక పెట్టాడు సాలమన్.

"నా మోకాలికేమైంది డాడీ?"

పుష్ప ఆంటీ రెండు చేతులూ పైకెత్తింది.

"స్తోత్రం! నూనె రాయకముందే ముట్టాడు ప్రభువు! మూడంతస్తులు పరుగెత్తుకొచ్చిందమ్మా పిల్ల!"

అక్కడికక్కడే షెరిన్ ఫొటో తీసి, జరిగిన స్వస్థత గురించి గ్రూపులో సాక్ష్యం పెట్టింది. సాలమన్ సోఫాలో కూలబడ్డాడు. ఉదయం కప్పు కోసం వెళ్ళే పిల్ల, మధ్యాహ్నం కుంటిది, సాయంత్రానికి బాగుపడింది. మొదటిది ఎడ్వర్డ్ చెవిలో, మిగతా రెండూ అతని ఫోన్‌లో వరసగా ఉన్నాయి.

సాయంత్రం ఎడ్వర్డే ఫోన్ చేశాడు. గొంతు ఇబ్బందిగా ఉంది. "అంకుల్, ఏమీ అనుకోకండి. ఇంత తెలిసీ పైకి చెప్పకపోతే రేపు నన్నడుగుతారు. అందుకే చెప్పానండి. ఆదివారం పదింటికి వెస్ట్ బే ఆఫీసులో విచారణ పెట్టారు. మిమ్మల్ని కూడా రమ్మన్నారు."

శనివారం సాలమన్‌కు ముద్ద దిగలేదు. దొంగ ఉత్తరం పెట్టినందుకు షెరిన్‌ను ఏ కాలేజీలోనూ ఆడనివ్వరేమో, సీటు కూడా పీకేస్తారేమో, వీసా దాకా వెళుతుందేమో అని ఒకదాని వెంట ఒకటి ఊహించుకుని చెమటలు కక్కాడు. ఏసీ తగ్గించినా చెమట తగ్గలేదు.

"ఎందుకు చేశావు డాడీ ఇదంతా?" అంది షెరిన్.

"నీ లెటర్‌ని కాపాడదామనే తల్లీ."

"నా లెటర్‌కేమైంది?"

"నువ్వేం మాట్లాడకు. అంతా నేను చూసుకుంటాను," అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయి, అతని ముఖం చూసి ఊరుకుంది.

ఆదివారం ఇరవై మూడో అంతస్తులో, పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన పేరు అహ్మద్ అలీ, కమిటీ పెద్ద. ఫైలు తిప్పుతూ మెత్తగా ఇంగ్లీషులో అడిగాడు. "మోకాలు ఎలా ఉంది?"

"బాగానే ఉంది సార్. ఎప్పుడూ బాగానే ఉంది," అంది షెరిన్.

ఆయన చూపు నెమ్మదిగా సాలమన్ మీదికి మళ్ళింది. అంతే, సాలమన్ లేచి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళలో నేర్చుకున్న ఇంగ్లీషంతా ఒక్కసారిగా బయటపడింది.

"తప్పు నాది సార్! మోకాలు అబద్ధం. ఆ ఉత్తరం కూడా అబద్ధమే. అంతా ఆట కోసమే. చిన్నప్పటినుంచీ నేనే ఆడించాను. శిక్ష నాకు వెయ్యండి. పిల్లని వదిలెయ్యండి."

మూలన కూర్చున్న ఎడ్వర్డ్ తల దించుకున్నాడు.

"కాదు సార్," అంది షెరిన్. గొంతులో కోపం లేదు. "ఉత్తరం అబద్ధం కాదు. డాడీ అలా అనుకున్నారంతే."

అహ్మద్ అలీ ఫైలు మూశాడు. "మేము అనుమతి ఇవ్వం అంటే ఏం చేస్తావు? అప్పుడూ ఆ కాలేజీకే వెళ్తావా?"

"వెళ్తాను సార్. సీటు మార్కుల మీద వచ్చింది. ల్యాబులో పని కూడా ఇస్తామన్నారు." తరువాత సముద్రపు నీటి గురించి మొదలుపెట్టింది. ఉప్పు వడకట్టాక మిగిలే చిక్కటి నీటిని తిరిగి సముద్రంలో పోస్తే చేపలకు ఏమవుతుందో, దాన్ని ఎలా ఆపవచ్చో చెప్పింది. పావుగంటయినా ఆగలేదు. తనకు బ్యాడ్మింటన్ స్కోర్లు చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఇంత వెలుగు ఎన్నడూ లేదని సాలమన్ గమనించాడు.

అహ్మద్ అలీ చెయ్యెత్తి ఆపాడు. ఇన్నేళ్ళలో ఈ బల్ల ముందు చదువు మీద ప్రేమని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు చాలామంది వచ్చారనీ, ఆ చదువు పేరైనా సరిగ్గా పలికినవాళ్ళు అరుదనీ అన్నాడు. వెంటనే ఆడవచ్చని సంతకం పెట్టేశాడు. మోకాలి విషయం ఇంకెక్కడా ఎత్తవద్దని సాలమన్‌కు ప్రత్యేకంగా చెప్పాడు.

లిఫ్టు దగ్గర సాలమన్ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. రెండు రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయి కళ్ళు చెమ్మగిల్లాయి.

"సాధించాం తల్లీ! ప్రాక్టీసు ఎప్పటినుంచి?"

షెరిన్ అతని చెయ్యి పట్టుకుంది. "ల్యాబ్ పని సాయంత్రాలే డాడీ. వాళ్ళ ప్రాక్టీసూ అప్పుడే. నీకు చెబుదామని చాలాసార్లు మొదలుపెట్టాను. నువ్వేమో లెటర్ భలే రాశానని మెచ్చుకుంటూ కూచున్నావు."

లిఫ్టు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. ఇరవై మూడు అంతస్తులు దిగేదాకా సాలమన్ ఆ కాగితాన్ని మడతలు పెడుతూనే ఉన్నాడు. కింద తలుపు తెరుచుకున్నాక, "ఆ చేపలకి నిజంగానే అంత ఇబ్బందా?" అని మాత్రం అడిగాడు.

కేవలం చదువు కోసమే కాలేజీ మారినట్టు ఆ లీగు చరిత్రలో రుజువైన మొట్టమొదటి క్రీడాకారిణి షెరిన్. ఆ ఏడాది ఆమె ఒక్క మ్యాచీ ఆడలేదు.